నాలుగు వేళ్ల అచ్చు

మొన్నామధ్య గోపాల్‌పేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడు నాకు నా కథే చెప్పాడు. అటవీ శాఖలో కొత్తగా చేరిన బీట్ ఆఫీసరు. నేనెవరో అతనికి తెలియదు.

"మీకు తెల్వదు గాని అంకుల్, ఎన్కట మా డిపార్ట్‌మెంట్ల ఒక సారు ఉండెనట. గద్వాల కాడ తప్పించుకున్న దొంగను నల్లమలల పట్టిండట. ఉత్త కాలి అచ్చు జూసి! పులికి తీసినట్టు అచ్చు తీసి, మనిషి ఎంత ఎత్తున్నడు, ఎంత బరువున్నడు, ఏ కాలు కుంటుతడు, అన్నీ చెప్పిండట. మాకు ట్రైనింగ్‌ల గూడ చెప్పిన్రు."

"అట్లనా!" అన్నాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. "ఆ సారు ఇప్పుడు ఏడున్నడో!" అని కూడా అన్నాను.

"సచ్చిపోయిండేమో" అన్నాడు కుర్రాడు జిలేబీ కొరుకుతూ.

ఇంటికొచ్చి మా ఆవిడకు నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. "ఇంకెన్నేండ్లు చెప్పనిస్తవ్ గా అబద్ధం?" అంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను బతికే ఉన్నాను. వనపర్తిలో ఉంటున్నాను. మోకాళ్లు అరిగిపోయి, గడువుకు ముందే ఉద్యోగం వదులుకున్నాను. ఆ దొంగను నేను పట్టలేదు. నేను తీసిన అచ్చు దొంగది కాదు. కాదన్న సంగతి అచ్చు గట్టిపడక ముందే నాకు తెలుసు. కొత్తగా చేరే పిల్లలకు ఏం నేర్పాలో చెప్పే అధికారం నాకిప్పుడు లేదు గానీ, నా గురించి నేర్పేదైనా నిజమై ఉండాలి కదా.

అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ ఒకే జిల్లా. రెండువేల దశకం చివరి ఏళ్లు. అచ్చంపేట దాటాక అడవి మొదలయ్యే చోట నేను సెక్షన్ ఆఫీసరుని. ఆ రోజుల్లో పులుల లెక్క అంటే ప్రధానంగా కాలి అచ్చులే. చెట్లకు కెమెరాలు కట్టి ఇంటికి పోయే కాలం ఇంకా మా దాకా రాలేదు. వాగు ఇసుకలో చక్కగా పడ్డ అడుగు కనిపిస్తే, చుట్టూ రేకు చట్రం పెట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను దోసెల పిండిలా కలిపి మెల్లగా పోయాలి. అరగంట ఆగి ఎత్తితే పులి పాదం తెల్లగా చేతిలోకి వస్తుంది. దాన్ని కొలిచి మగదా ఆడదా, ఎంత వయసుది అని అంచనా కట్టేవాళ్లం.

ఈ పనిలో నాకు మంచి పేరుండేది. పేరుకు తగ్గట్టు, కొలతలు చెప్పేదానికంటే నేను కొంచెం ఎక్కువే చెప్పేవాణ్ని. "ఇది ఆడపులి, నాలుగేళ్లది, నిన్న సాయంత్రం ఇటు పోయింది, ఏదో చిరాకులో ఉంది" అనేవాణ్ని. చిరాకు సంగతి ఎట్లా తెలిసిందని ఎవరూ అడగలేదు. పులిని పిలిచి విచారించేవాళ్లు లేరు కదా. మా క్వార్టరు కిటికీ గూట్లో అచ్చులు వరసగా ఉండేవి. పిల్లి రాకుండా మా ఆవిడ ఒక మగపులి పాదాన్ని పెరుగు గిన్నె మూత మీద బరువు పెట్టేది.

నిజానికి అడుగులు కనిపెట్టేది నేను కాదు, నా వెంట తిరిగే ట్రాకరు. చెంచు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. శాఖ ఇచ్చిన బూట్లు ఇంటి చూరులో దాచిపెట్టి ఉత్త కాళ్లతో నడిచేవాడు. నా అచ్చులకు ఆయన పెట్టిన పేరు సున్నపు రొట్టెలు. "సారు, ఇయ్యాల ఎన్ని రొట్టెలు గాలుస్తవ్?" అని పొద్దున్నే అడిగేవాడు.

ఇక దొంగ. గట్టు మండలం మనిషి. రెండిళ్లలో పెంకులు తీసి లోపలికి దిగి నగలు ఎత్తుకుపోయాడని కేసు. గద్వాల కోర్టుకు తెచ్చి తీసుకుపోతుంటే, బస్టాండులో మూత్రానికని చెప్పి గోడ దూకాడు. అంతే. గద్వాలలో అంతే. వార్త వనపర్తికి వచ్చేసరికి అతను ఒక కానిస్టేబుల్‌ను పొడిచాడు. నాగర్‌కర్నూలులో ఇద్దరిని. అచ్చంపేట చేరేసరికి ఏడు ఖూనీలు చేసి, ఉత్త చేతులతో బేడీలు తెంచుకుని, నల్లమలలో దూరాడు. నల్లమలే ఎందుకంటే, అచ్చంపేట తరువాత ఉన్నది అదే కాబట్టి. మేకలు కాసే ఒకాయన, సంచి భుజాన వేసుకుని అడవిలోకి ఉరుకుతున్న మనిషిని చూశానన్నాడు. ఇంకేం కావాలి?

హోటళ్లలో చాయ్ తాగుతూ ఇదే ముచ్చట.

"పులి ముందుగాల తింటదా, పోలీసోళ్లు ముందుగాల పట్టుకుంటరా?"

"నాకైతే పులి కోసమే పరేషాన్ అవుతుంది భాయ్. వాని కంట్ల పడితే దాన్ని బతకనిస్తడా?"

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ట్రాకరు మూడు రోజులు సెలవు అడిగాడు. ఎండాకాలం కొండతేనె కాలం. కొండ అంచున చెట్టుకు తాడు కట్టి, దాన్ని పట్టుకుని బండకు వేలాడే తేనెపట్టు దాకా దిగుతారు. పైన తాడు దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. ఎవరు పడితే వాళ్లు పనికిరారు. సొంత తమ్ముడు కూడా పనికిరాడు. దిగేవాడి బామ్మర్దే కూర్చోవాలి. ఎందుకని అడిగితే ఆయన చెప్పాడు: "అన్న లేకున్నా తమ్మునికి నడుస్తది సారు. బామ్మర్దికి నడ్వదు. అక్క బతుకు ఆగమైతదని పానం పోయినా తాడిడువడు."

ఆయన అక్క భర్త తేనెకు దిగాలి. ఈయన తాడు పట్టాలి. "జిల్లా అంతా మన దిక్కు చూస్తుంటే ఇప్పుడు తేనేంటయ్యా?" అన్నాను. సెలవు కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. సంతకం పెట్టలేదు.

మర్నాడు పొద్దున పోలీసు ఎస్సై జీపులో వచ్చాడు. వెంట ఇద్దరు విలేకరులు, కేబుల్ టీవీ కెమెరామన్, మోటారు సైకిళ్ల మీద ఓ పదిహేను మంది ఉత్సాహవంతులు. అందరం వాగు వెంట నడిచాం. ముందు ట్రాకరు, వెనక నేను. ఒకచోట ఇసుకలో మనిషి అడుగు అద్దంలా పడి ఉంది. పెద్ద పాదం. ఎడమ కాలు. చిటికెన వేలు ఉండాల్సిన జాగా ఖాళీ.

నా ఉద్యోగం మొత్తంలో నేను సొంతంగా కనిపెట్టిన మొదటి అడుగు అదే. ట్రాకరు దాన్ని చూసి దాటిపోయాడు. ఆయన దాటిపోయాడంటే ఏదో కారణం ఉంటుందని నాకు తోచలేదు. "ఆగండి!" అని అరిచాను. కెమెరా నా మీదికి తిరిగింది. చట్రం పెట్టాను, పిండి కలిపాను, పోశాను. పులికి కూడా నేనంత శ్రద్ధగా పోయలేదు.

ట్రాకరు నా పక్కన గొంతుకూర్చుని చెవిలో అన్నాడు. "సారు, గిది మా బావ కాలు."

నేను తల తిప్పలేదు.

"చిన్నప్పుడు బండ పడి ఏలు పోయింది. నేనెట్లైనా వస్తనని తేనెబండ కాడికి ముందుగాల పోయిండు."

"ఇప్పుడా చెప్పేది?" అన్నాను పళ్ల మధ్య నుంచి.

"నువ్ పిండి గలిపేటప్పుడే చెప్పిన. నువ్వింటివా?"

"పోసేశాను కదా. ఊరుకో."

కెమెరామన్ దగ్గరికి జరిగాడు. "ఆయన ఏమంటుండు సారు?"

"మనిషి బాగా బరువైన వాడంటున్నాడు" అన్నాను.

ఈ ఒక్క మాట రాయడానికే ఇన్నేళ్లు పట్టింది. మిగతాదంతా దాని వెంట జారిందే. జారుతుంటే ఎంత హాయిగా ఉండిందో కూడా రాయాలి, లేకపోతే అది ఇంకో అబద్ధం అవుతుంది. అరగంట తరువాత అచ్చు ఎత్తి ఎండలో పట్టుకుంటే జనం చప్పట్లు కొట్టారు. నేను కొలిచాను. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు అన్నాను. ఎడమ కాలు కుంటుతాడన్నాను. రెండు రోజులుగా తిండి లేదన్నాను.

ఎస్సై నోటు పుస్తకం తిరగేస్తూ గొణిగాడు. "మా రికార్డుల అయిదడుగుల మూడంగుళాలు అని ఉంది సారు."

"ఇసుకలో పాదం సాగుతుంది."

"కాలి ఏళ్లు గూడ రాలిపోతయా సారు?"

"పారిపోయేటప్పుడు దెబ్బ తగిలి ఉంటుంది."

ఆయన కాసేపు నన్ను చూసి, రాసుకున్నాడు. పాపం ఆయనకూ గంటకోసారి పైనుంచి ఫోను వస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి.

అచ్చును చెక్‌పోస్టు దగ్గర బల్ల మీద పెట్టాం. మర్నాడు పేపర్లో నా ఫొటో, అచ్చు ఫొటో పక్కపక్కన వచ్చాయి. అచ్చు నాకంటే బాగా పడింది. ఇక చూడండి. అచ్చంపేట నుంచి ఆటోలు, నాగర్‌కర్నూలు నుంచి జీపులు, వనపర్తి నుంచి ఏకంగా ఒక పెళ్లి బస్సు. పెళ్లి చేసుకుని తిరిగిపోతూ అరవై మంది దిగి వరసలో నిలబడ్డారు. పెళ్లికూతురు కూడా. 'క్రూరమృగాలు తిరుగు ప్రాంతము' అన్న బోర్డుకు ఆనుకుని ఫొటోలు. ఒకామె మిర్చీల బండి తెచ్చి పెట్టింది. ఒక ముసలమ్మ దేవుని పాదం అనుకుని అచ్చుకు కుంకుమ పెట్టి దండం పెట్టింది. "అమ్మా, దొంగది" అని చెప్తే, "ఎవని కాలైతేంది కొడుకా, పెట్టినంక తుడుస్తమా?" అని వెళ్లిపోయింది.

ఊళ్లలో సంగతి ఇంకా రంజుగా ఉండేది. అచ్చంపేట బస్టాండులో దిగినవాళ్లతో చెప్పులు విప్పించి వేళ్లు లెక్కపెట్టారు. ఎప్పుడో ట్రాలీ కింద వేలు పోగొట్టుకున్న ఒక బస్సు కండక్టరుకు టిక్కెట్లు కొట్టడం కంటే బూటు విప్పి సంజాయిషీ చెప్పుకోవడమే పనైపోయింది. ఆరుగురు కుర్రాళ్లు కట్టెలు పట్టుకుని అడవిలో దూరారు. ఎలుగుబంటి ఎదురైతే ఆరుగురూ ఒకే చెట్టెక్కారు. చెట్టు చిన్నది. ఎలుగు చెట్టెక్కగలదని వాళ్లకు తెలియదు. దానికేమో ఎక్కబుద్ధి కాలేదు. కాసేపు చూసి, విసుగొచ్చి పోయింది. వాళ్లు దిగొచ్చి, దొంగ ఎలుగుబంటిని పెంచుకుంటున్నాడని చెప్పారు. అది కూడా పేపర్లో వచ్చింది.

అడవిలోకి ఎవరినీ పోనివ్వకుండా ఆపడం నా ఉద్యోగం. నేను గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు అచ్చు గురించి చెప్తున్నాను. చెప్పినప్పుడల్లా దొంగ ఒక అంగుళం పెరుగుతున్నాడు.

మూడో రోజు సాయంత్రం ట్రాకరు వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. ఈసారి చెవిలో చెప్పలేదు.

"సారు, బావ ఆడ నా కోసమే కూసున్నడు. నేను లేంది దిగడు. గీ పోరగాండ్లు కట్టెలు పట్టుకొని ఆ దిక్కే దిరుగుతున్రు. కాలు జూసిన్రంటే అడిగేది లేదు, కొట్టి సంపుతరు. జర చెప్పు సారు. నీ మాటైతే ఇంటరు."

"రేపు డివిజన్ నుంచి పెద్ద సారు వస్తున్నారు. ఆయన చూసి వెళ్లాక చెప్తాను. ఒక్క రోజు ఆగు."

"పోనీ నేను పోయి తోల్కొస్త."

"నువ్వు పోతే సారుకు దారి ఎవరు చూపిస్తారు?"

ఆయన బల్ల మీదున్న అచ్చు వంక చూశాడు. "నీ రొట్టె గాలనీకె మా బావనే దొరికిండా సారు?" అన్నాడు.

 కొత్తగా వచ్చిన జీపులోంచి ఎవరో పిలిస్తే అటు పోయాను.

మర్నాడు పది గంటలకు పెద్ద సారు వచ్చారు. కళ్లద్దాలు పెట్టుకుని అచ్చును చాలాసేపు చూశారు. "మనిషిది కూడా పులి లెక్క ప్రకారమే కొలిచారా?" అని అడిగారు.

"కొంచెం సవరించి కొలిచాను సార్."

"అద్భుతం" అన్నారాయన. ఎగతాళో మెచ్చుకోలో నాకిప్పటికీ తెలియదు. నేను మెచ్చుకోలు కిందే రాసుకున్నాను.

అప్పుడు ఒకడు మోపెడ్ మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. "దొరికిండు! నాలుగేళ్ల కాలోడు దొరికిండు! తేనెబండ కాడ తాడు పట్టుకొని లోయల దిగిండు! మనోళ్లు పైనుంచి కమ్ముకున్నరు!"

ఒక్క నిమిషంలో చెక్‌పోస్టు ఖాళీ. మిర్చీల ఆమె, ఆమె మూకుడు, నా అచ్చు మాత్రం మిగిలాయి. ట్రాకరు కోసం చూశాను. నన్ను అడగకుండానే అడ్డదారిన ఉరికిపోయాడు.

మేం జీపులు దిగి, గుట్టెక్కి పోయేసరికి బండ మీద యాభై మంది ఉన్నారు. దుమ్ములో నాలుగు వేళ్ల అడుగులు పట్టుకుని అక్కడిదాకా వచ్చారట. కట్టెల గుంపును చూసి, ఆ మనిషి ఇంకో దారి లేక తాడు పట్టుకుని దిగిపోయాడు. పైన చెట్టు దగ్గర తాడును ట్రాకరు రెండు చేతులా పట్టుకుని, మడమలు బండకు తన్ని కూర్చున్నాడు. ఆయన ముందు వాళ్ల అక్క, అంటే కింద వేలాడే మనిషి భార్య, కొడవలి పట్టుకుని నిలబడింది.

"నీ పెనిమిటి ఏడు ఖూనీలు చేసిండు, ఎర్కనా అమ్మా?" అంటున్నాడొకడు.

"ఏడా? ఇంట్ల కోడిని కొయ్యమంటే ఇంకొకన్ని పిల్సుకొస్తడు. గాయన ఖూనీలు జేస్తడా! మీకు పనిపాట లేదా?"

జనం నవ్వారు. ఆమె మాటకే కాదు, అన్నిటికీ నవ్వుతున్నారు. తిరునాళ్లలో ఉన్నంత సంబరంగా ఉన్నారు.

"తాడు గుంజితే పైకొస్తడు."

"కోస్తే కిందికి పోతడు. గదే అల్కటి పని." మళ్లీ నవ్వులు.

అప్పుడు చూశాను ఆ తాడును. నా బొటనవేలంత లావుంది. వీళ్లలో ఒక్కడూ చెడ్డవాడు కాదు. అందరూ నాకు గేటు దగ్గర నమస్కారం పెట్టినవాళ్లే. సరదాకే ఎవడో ఒకడు దాని మీద చెయ్యి వేస్తాడు.

కింద లోయలోంచి గొంతు వినిపించింది. "బామ్మర్దీ! ఏందిరా గీ లొల్లి? ఈగలు లేస్తున్నయ్!"

నన్ను చూసి గుంపు దారిచ్చింది. "సారొచ్చిండు! సారు, నీ దొంగ కింద ఏలాడుతుండు, జూడు!"

నేను ఒక రాయి ఎక్కాను.  "ఆ అచ్చు ఈయనదే" అన్నాను. అందరూ ఈలలు వేశారు. "కానీ ఈయన దొంగ కాదు. తేనె తీసేవాడు. మా ట్రాకరుకు బావ. అచ్చు పోసిన రోజే నాకు చెప్పాడు. నేనే ఊరుకోమన్నాను."

ఈలలు ఆగిపోయాయి. ఎస్సై నోటు పుస్తకం మెల్లగా మూశాడు. పెద్ద సారు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"మరి అసలు దొంగేడి?" అన్నాడొకడు.

"తెలియదు."

"ఆరడుగుల రెండంగుళాలు?"

"అదీ తెలియదు."

"ఎలుగుబంటి?"

"అది ఉత్త ఎలుగుబంటే."

ఆ ఎలుగుబంటి మాట దగ్గర గుంపు మొహం చూడాల్సింది. దొంగ లేకపోయినా సరిపెట్టుకునేవాళ్లు. "మరి నాల్గు దినాల సంది పని ఇడిసిపెట్టి ఎందుకొచ్చినం బే?" అని ఒక కుర్రాడు చేతిలో కట్టెను కోపంగా లోయలోకి విసిరేశాడు. ఎవరి మీదా విసరలేదు. ఊరికే విసిరాడు. అది పోయి తేనెపట్టుకు తగిలింది.

కొండ తేనెటీగలు లేవడం మీరు చూసి ఉండకపోతే చూడకండి. ముందు చప్పుడు వస్తుంది, పెద్ద మోటారు ఆన్ చేసినట్టు. తరువాత లోయ అంచు మీద నల్లటి పొగ లేస్తుంది. ఆ పొగే మన మీదికి వస్తుంది. యాభై మంది వీరులు కట్టెలు పారేసి గుట్ట దిగారు. కెమెరామన్ కెమెరాను నెత్తిన బోర్లించుకుని పరుగెత్తాడు. ఎస్సై యూనిఫాంతోనే వాగు మడుగులో కూర్చుని, ఊపిరికి మాత్రం తల పైకి పెట్టాడు. ఆ తలను తేనెటీగలు వదల్లేదు. పెద్ద సారు ఏ దారిన వెళ్లారో, ఎంత వేగంగా వెళ్లారో కొలిచే వీలు లేకపోయింది.

నేనూ పరుగెత్తాను. నిజం చెప్పిన నోరు ఇంకా మూయకముందే పరుగెత్తాను.

ఒక్కసారి మాత్రం వెనక్కి చూశాను. ఆమె కొంగు నిండా కప్పుకుని బండకు అంటుకుపోయింది. ట్రాకరు తాడు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. మొహం మీద, మెడ మీద, చేతుల మీద తేనెటీగలు. మొహం కనిపించడం లేదు. తుడుచుకోవాలంటే ఒక చెయ్యి తియ్యాలి. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. ఇదంతా చూసి కూడా నేను ముందుకు తిరిగి రోడ్డు దాకా పరుగెత్తాను.

ఇక్కడ మీరు నమ్మని భాగం వస్తుంది. దొంగ గురించి నేను చెప్పినవాటిలో కల్పించనిది ఇదొక్కటే, కల్పించినట్టుండేదీ ఇదే.

మేం వాచిన మొహాలతో చెక్‌పోస్టు చేరేసరికి, మిర్చీల బండి పక్కన స్టూలు మీద ఒక పొట్టి మనిషి కూర్చుని తింటున్నాడు. జరిగింది మిర్చీల ఆమె చెప్పింది. జనమంతా పోయాక ఈ మనిషి వచ్చి, అచ్చు పక్కన తన ఎడమ కాలు పెట్టి చూసుకున్నాడట. "ఇల్లప్పా! గిది నా కాలు గాదు" అన్నాడట, గట్టు దిక్కు మనిషి కదా, కన్నడం కలిపి.

"నీదెందుకైతది?" అని అడిగింది ఆమె.

"నన్నే గద దేవులాడుతున్రు. పేపర్ల గింత పెద్ద కాలు ఏసిన్రు. ఉన్న ఏలు గూడ తీసేసిన్రు. నేనెవన్నీ సంపలేదు, నాకు ఎలుగుబంటి లేదు. ఊళ్లె మా అత్త పేపరు జూసి ఒకటే ఏడ్పు."

ఆమె తొణక్కుండా, "కూసో బిడ్డా, రెండు తిను. సార్లొస్తరు, నువ్వే చెప్పు" అని పళ్లెం చేతికిచ్చింది. అతను కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి, ఒక్కొక్క మొహమే వెతికాడు. అన్నీ గుమ్మడికాయల్లా ఉన్నాయి.

"మీల పోలీసోళ్లు ఎవలు?" అని అడిగాడు.

నీళ్లోడుతున్న ఎస్సై చెయ్యెత్తాడు. తరువాత వంగి అతని కాలి వేళ్లు లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక రెండోసారి లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి.

మర్నాటి పేపర్లో, అచ్చు దగ్గరే దొంగ దొరికాడని వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు. బండ మీద నేను చెప్పింది విన్నవాళ్లు యాభై మంది. కానీ తేనె తీసే మనిషిని తరిమి, తేనెటీగలకు దొరికి పరుగెత్తామని ఊళ్లో చెప్పుకునేవాడెవడు? పెద్ద సారు కూడా తడిగుడ్డ చెంపకు ఒత్తుకుంటూ, "దొంగ దొరికాడు కదా, ఇక వదిలేయండి" అన్నారు. వదిలేశాను. ఆగస్టు పదిహేనున ప్రశంసా పత్రం ఇస్తే రెండు చేతులా అందుకున్నాను. దాని మీద ట్రాకరు పేరు లేదు. రాయించమని నేను అడగలేదు.

తేనెటీగలు సద్దుమణిగాక, అక్కాతమ్ముళ్లు కలిసి ఆ మనిషిని పైకి లాగారు. ఆయనకు కుట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ట్రాకరును మాత్రం అచ్చంపేట దవాఖానలో చేర్చారు. మొదటి రెండు రోజులు డాక్టరు ఏ మాటా గట్టిగా చెప్పలేదు. ఆయన అక్క వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, నేను పోయినప్పుడల్లా కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేది.  ఆ రెండు రోజులూ నేను తిన్నది గుర్తు లేదు.

మూడో రోజు ఆయన ఒక కన్ను తెరిచాడు. రెండోది వాపులో ఎక్కడుందో తెలియలేదు. నన్ను చూశాడు.

"సారు" అన్నాడు. "నా మొకానికి గూడ అచ్చు దీస్తవా? జర జూసి తియ్యి. ఎలుగుబంటి అని రాస్తవ్ మల్ల."

నేను నవ్వాను. వాచిన పెదవి చిట్లి నెత్తురొచ్చింది. జేబులోంచి ఆ సెలవు కాగితం తీసి, సంతకం పెట్టి ఆయన మంచం మీద పెట్టాను. దాన్ని ఆ ఒక్క కంటితోనే చూసి, "తేనె అయిపాయె గద సారు" అన్నాడు. నిజమే. ఆ ఏటి తేనె అయిపోయింది.

పిల్లలూ, మీకు కాలి అచ్చులు తీసే పని ఇప్పుడు పెద్దగా ఉండకపోవచ్చు. కానీ మీ ముందు నడిచే ట్రాకరు ఒక అడుగును చూసి దాటిపోతే, ఎందుకు దాటాడో అడగండి. కెమెరా ఉన్నా సరే అడగండి.

మరుసటి ఎండాకాలం ఆయన నోరు తెరవకముందే సెలవు మంజూరు చేశాను. నన్ను కూడా రమ్మన్నాడు. బండకు దూరంగా ఒక చెట్టు కింద నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన తాడు పట్టాడు. బావ దిగాడు. ఎవరూ లేరు, లొల్లి లేదు, తేనెటీగలు కూడా మర్యాదగానే ఉన్నాయి. బావ తేనె బుట్టతో పైకి వచ్చి, మొదటి ముక్క బామ్మర్దికి ఇచ్చాడు, రెండోది భార్యకు. మూడోది చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన నాతో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి.

"సారు, బూట్లిప్పు."

"ఎందుకు?"

"నా కాలు జిల్లా అంత జూసింది. నీ కాలు నేను జూడొద్దా?"

విప్పాను. సాక్సులు కూడా విప్పమన్నాడు. ఆయన గొంతుకూర్చుని, తల అటు వంచి ఇటు వంచి, నేను పులి అడుగును చూసేటప్పుడు పెట్టే మొహమే పెట్టి, నా రెండు పాదాలనూ తీరిగ్గా చూశాడు. ట్రాకరు, ఆయన అక్క పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఏం తెలిసింది?" అన్నాను.

"ఏళ్లన్నీ ఉన్నయ్" అన్నాడు. తేనె ముక్క నా చేతిలో పెట్టి లేచాడు. "ఉరకనీకె మస్తు పనికొస్తయ్."

ముగ్గురూ గుట్ట అదిరేలా నవ్వారు. నేనూ నవ్వాను. నా కాళ్ల గురించి ఆయన చెప్పింది సరైన కొలత. ట్రైనింగ్‌లో చెప్పుకోవాలంటే అది చెప్పుకోండి.